కోటేశ్వరమ్మ ముక్కు

కోటేశ్వరమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. కళ్ళకు ఆపరేషన్లయ్యాయి. మోకాళ్ళకు బెల్టులొచ్చాయి. చెవుల సంగతి చెప్పనక్కర్లేదు, తనకు కావలసిన మాటలు వినపడతాయి, అక్కర్లేనివి వినపడవు. ముక్కు మాత్రం పదహారేళ్ళ పిల్ల ముక్కు. ఐర్లండ్‌లో నేస్ అనే ఊళ్ళో వాళ్ళ వీధి చివరింట్లో పంది మాంసం, అదే బేకన్, వేగిందంటే ఈవిడ తన గది కిటికీ మూసేస్తుంది. పక్కింటి కుక్క వానలో తడిసిందో లేదో మంచం దిగకుండా చెప్పేస్తుంది. కొడుకు బుచ్చిబాబు లెపర్డ్స్‌టౌన్ ఆఫీసు నుంచి ఇల్లు చేరితే తలుపు దగ్గరే ఆపి, "బస్సులో ఎవుడి పక్కన కూచున్నావురా? ముందు నీళ్ళు పోసుకో పో" అంటుంది. ఆఫీసులో ముప్ఫై మంది మీద పెత్తనం చేసే మనిషి, తలొంచుకుని బాత్రూముకు వెళ్తాడు.

అలాంటి ముక్కున్న ఇంట్లోకి ఏప్రిల్ నెలలో ఒక తెల్ల ప్లాస్టిక్ బకెట్ వచ్చింది. అందులో ఐదు కిలోల నెయ్యి. కోడలు శ్యామలాదేవి దాన్ని తీసుకెళ్ళి మేడ మీద హాట్ ప్రెస్‌లో పెట్టింది. హాట్ ప్రెస్ అంటే వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర. తువ్వాళ్ళు, దుప్పట్లు వెచ్చగా ఉంటాయని అందులోనే సర్దుకుంటారు. రెండో రోజుకల్లా ఇంట్లో బట్టలన్నీ నెయ్యి తాగేశాయి.

"ఎవురే ఆ బకెట్టు అందులో పెట్టింది?"

"నేనే అత్తా. కింద పెడితే చలికి రాయైపోతంది."

"అయితే కానీ. తువ్వాలుతో మొహం తుడుచుకుంటే గేదె నాకినట్టుంది. ఛీ!"

"మంచి నెయ్యి అత్తా. ఈ దేశంలో ఇట్టాంటిది కొందామన్నా దొరకదు."

"దొరక్కపోతే సంతోషం. మన ఖర్మకొద్దీ ఊరికే దొరికింది."

ఊరికే ఏమీ దొరకలేదు. మనవడు శ్రీహర్ష ఒక పిల్లను ఇష్టపడ్డాడు. ఆ పిల్లతో పాటు నెయ్యి వచ్చింది.

పిల్ల పేరు కోమల్ ఖటానా. ములింగార్ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వాళ్ళది రాజస్థాన్‌లో దౌసా దగ్గర పల్లె, గుజ్జర్లు. తాతముత్తాతల నుంచీ పశువుల మీద బతికినవాళ్ళు. ఆ పిల్ల ఇంట్లో మగదిక్కు రతన్‌లాల్ ములింగార్ అవతల ఒక డెయిరీ ఫారంలో నూట ఎనభై ఆవులకు పాలు పిండుతాడు. పిల్ల తల్లి మన్‌భరి ఆ పాలతోనే ఇంట్లో నెయ్యి కాస్తుంది. ఐర్లండ్ వచ్చినా వాళ్ళు అమావాస్య నాడు పాలు తోడుపెట్టరట, ఆ రోజు పాలు వాళ్ళ దేవుడు దేవనారాయణుడికట.

ఈ సంగతులన్నీ కోమల్ ఒకరోజు వంటింట్లో కూర్చుని చెప్పింది. హిందీలోనే చెప్పింది. కోటేశ్వరమ్మ భర్త రైల్వేలో పనిచేశాడు, నాగపూర్ క్వార్టర్స్‌లో పన్నెండేళ్ళు కాపురమున్నారు. లింగాలూ వచనాలూ ఎటుపోయినా మాట ఆగని హిందీ ఆవిడది. అందుకే కోమల్ చెప్పిన వాటిలో ఏదీ తప్పించుకోలేకపోయింది. పెళ్ళికి బయల్దేరే ముందు పెళ్ళికొడుకు తల్లి పైట కొంగు కింద తల పెట్టి, చివరిసారి పాలు తాగినట్టు ఒక్క క్షణం నటించాలట. తల్లి పాల రుణం మర్చిపోవద్దని గుర్తు చెయ్యడమట.

కోటేశ్వరమ్మ, గడ్డంతో మీసంతో ఇరవై ఎనిమిదేళ్ళున్న మనవడి వంక చూసింది. కోడలి వంక చూసింది. తింటున్న అరటిపండు కింద పెట్టేసింది.

"నేను గదిలోకి పోతానే శ్యామలా."

ఇంత అసహ్యమున్నా ఆవిడ పెళ్ళి వద్దనలేదు. హర్షకు ఐదేళ్ళు వచ్చేదాకా నరసరావుపేటలో ఆవిడే పెంచింది. వాడు అడిగితే చందమామనైనా సగానికి కోసి ఇస్తుంది. "చేసుకోరా. నేను ముక్కు మూసుకుంటా" అంది. హర్ష ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టి, సెప్టెంబరుకు హాలు బుక్ చేశాడు.

ఇక మిగిలింది ఒకే గడప. వాళ్ళింట్లో మాట కోమల్ నాయనమ్మది. పేరు కజోడీ. అందరూ దాదీ అంటారు. మూడు నెలల వీసా మీద ఊరి నుంచి వచ్చింది. ఆవిడ ఔనంటే పెళ్ళి, కాదంటే లేదు. కోమల్ ఆ మాట హర్షకు మొదటిరోజే చెప్పింది. "దాదీని ఏడిపించి నేను పెళ్ళి చేసుకోను. అది ఒక్కటి అడక్కు" అంది.

మే నెలలో ఒక ఆదివారం దాదీ నేస్ వచ్చింది.

కారులోంచి ముందు ఒక వెండి చప్పుడు దిగింది, తర్వాత దాదీ దిగింది. మెడలో సైకిల్ చక్రమంత వెండి హంస్లీ, కాళ్ళకు కడియాలు, ఇరవై గజాల ఘాగ్రా, దాని కింద ములింగార్‌లో కొన్న మగవాళ్ళ రన్నింగ్ షూస్. వెనక రతన్‌లాల్, కోమల్. ఆఖర్న గడ్డం దాకా ముసుగు లాక్కున్న మన్‌భరి, చేతిలో ఇంకో బకెట్. మన్‌భరి బుచ్చిబాబు ఎదురుగా ముసుగు తియ్యలేదు. ఆ ముసుగులోంచే టీ తాగింది. గుడ్డ వెనక జుర్రుమని వినపడుతుంటే కోటేశ్వరమ్మ గోడకున్న గడియారం చూస్తూ కూర్చుంది.

భోజనాల దగ్గర దాదీ తనే లేచింది. చెంబులోంచి నెయ్యి వంచుతూ వియ్యపురాలి పళ్ళెం దగ్గరికొచ్చింది. గుజ్జర్లలో మర్యాదంటే అది. పోసేవాళ్ళు ఆపేదాకా తినేవాళ్ళు ఆపమనకూడదు. కోటేశ్వరమ్మ గబుక్కున పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టేసింది. కాగిన నెయ్యి మునివేళ్ళ మీద నుంచి మోచేతి దాకా జారింది. ఆవిడ ఆ చేతిని ఒంటికి తగలకుండా, చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు దూరంగా పెట్టుకుని సింకు దగ్గరికి నడిచింది.

దాదీ చెంబు కింద పెట్టింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. చెయ్యి కడుక్కుని వచ్చిన కోటేశ్వరమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. కోమల్ ఇందాకటి నుంచి రతన్‌లాల్‌ను "చాచా" అని పిలుస్తోంది.

"కన్నతండ్రిని బాబాయ్ అంటావేందమ్మా?"

కోమల్ మామూలుగా చెప్పింది. తనకు పది నెలలప్పుడు నాన్న ట్రాక్టర్ కింద పడి పోయాడు. అమ్మను, పిల్లను ఇల్లు దాటనివ్వకూడదని దాదీ ఐదుగురు పెద్దల్ని కూర్చోబెట్టింది. చిన్నకొడుకు చేత వదిన తల మీద దుప్పటి కప్పించింది. చాదర్ వెయ్యడమంటారు. ఆ రోజు నుంచి చాచానే అమ్మకు భర్త.

"మరిదినా?" అంది కోటేశ్వరమ్మ. "వదినంటే తల్లి కదా! బిడ్డలాంటోడితో… ఛీ ఛీ ఛీ!"

అన్నది తెలుగులోనే. కానీ ఛీ అన్నది ఏ దేశంలోనైనా ఛీయే. రతన్‌లాల్ తలుపు తీసుకుని వెనక గార్డెన్లోకి వెళ్ళిపోయాడు. మన్‌భరి ముసుగు కదల్లేదు.

దాదీ కుడిచెయ్యి పైకెత్తి నాలుగు వేళ్ళు చూపించింది.

"ఇప్పుడు మీ నాలుగూ చెప్పు."

కోమల్ వివరించింది. వాళ్ళలో సంబంధం కలపాలంటే నాలుగు గోత్రాలు చూస్తారు. తండ్రిది, తల్లిది, తండ్రి తల్లిది, తల్లి తల్లిది. అటు నాలుగూ ఇటు నాలుగూ ఒక్కటి కూడా కలవకూడదు. మన ఇంటిపేర్లు చెబితే చాలట.

కోటేశ్వరమ్మ సర్దుకుని కూర్చుంది. ఇన్నాళ్ళకు వాళ్ళకొక శుభ్రమైన వంశమంటే ఏమిటో చూపించే అవకాశం వచ్చింది.

"మా హర్ష గుమ్మడివారి బిడ్డ."

దాదీ ఒక వేలు మడిచింది.

"వాళ్ళమ్మ వల్లూరివారి పిల్ల."

రెండో వేలు.

"వాడి నాయనమ్మను నేనే. నాదీ వల్లూరివారే."

మడవబోయిన మూడో వేలు గాలిలో ఆగింది.

"వాడి అమ్మమ్మ గుమ్మడివారి ఆడపడుచు."

నాలుగోది కదల్లేదు. మడిచిన రెండు వేళ్ళ వంకా, నిలబడ్డ రెండు వేళ్ళ వంకా దాదీ మార్చి మార్చి చూసుకుంది. ఆవిడకు అర్థం కాలేదనుకుని కోటేశ్వరమ్మ లేచి గోడకున్న భర్త ఫొటో దగ్గరికెళ్ళింది. దండ సరిచేసి, గర్వంగా చెప్పింది.

"ఈయన ఎవరనుకున్నారు? నా సొంత మేనమామ. మా అమ్మ తోడబుట్టిన తమ్ముడు. నా కొడుక్కి చేసుకున్నది మా అన్న కూతుర్ని. మా అన్న చేసుకున్నది మా పెద్దమేనమామ కూతుర్ని. మూడు తరాలు! బయటి గడప తొక్కలేదు మేము."

శ్యామలాదేవి కళ్ళు మూసుకుంది. బుచ్చిబాబు "అమ్మా" అన్నాడు గానీ రైలు వెళ్ళిపోయింది.

"మామా?" అంది దాదీ. "భాత్ తెచ్చే మామా?"

వాళ్ళ పెళ్ళిళ్ళలో మేనమామ రానిదే ఏదీ మొదలవదు. అక్క ఇంటి గుమ్మంలోకి బట్టలు మోసుకొచ్చి, అక్క తల మీద ఎర్ర చున్రీ కప్పుతాడు. అదే భాత్. తండ్రి లేకపోయినా పిల్లకు పెళ్ళవుతుంది గానీ, మామ లేకపోతే ఆ తల్లి గుమ్మంలో నిలబడి ఏడుస్తుంది. అలాంటి మామ తనే పెళ్ళిపీట మీద కూర్చోవడమా?

దాదీ ఓఢ్నీ కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా ప్రపంచాన్ని చూసి ముక్కు మూసుకున్న కోటేశ్వరమ్మ, తనను చూసి ఇంకొకరు మూసుకోవడం మొదటిసారి చూసింది. దాదీ ఆ కొంగుతోనే ఫొటో ముందు నుంచి దూరంగా జరిగి, బయటికి నడిచి, ఇంటి ముందు బుచ్చిబాబు వారం వారం కత్తిరించుకునే గడ్డిలో "థూ" అని ఉమ్మేసి కారెక్కింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు. బల్ల మీద ఆరు కప్పుల కాఫీ మీగడ కట్టి మిగిలిపోయింది.

హర్ష తలుపు వేసొచ్చి నాయనమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక్క ఆదివారం నాయనమ్మా. ఒక్క ఆదివారం నోరు మూసుకోలేవా?"

"నేనేం అబద్ధం చెప్పాన్రా? దొంగతనం చేశామా, దొమ్మీ చేశామా? మరిదిని కట్టుకున్నోళ్ళు మనల్ని చూసి ఉమ్మటమేంది?"

పక్కనే సోఫాలో కాళ్ళు ముడుచుక్కూర్చుంది హర్ష చెల్లెలు శ్రావ్య. పంతొమ్మిదేళ్ళు. ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది, సగం ఇంగ్లీషులో బదులిస్తుంది. నోరు ఊరుకోదు.

"ఇన్ ఫెయిర్‌నెస్ నాయనమ్మా, మనది ఫ్యామిలీ ట్రీ కాదు. రౌండబౌట్."

"నువ్వు నోర్ముయ్యి" అంది కోటేశ్వరమ్మ.

హర్ష లేచి మేడ మీదికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం తినలేదు. గిన్నెలో సీరియల్ పోసుకుని గదిలోకి పట్టుకుపోయేవాడు. నాయనమ్మ ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు. వచ్చే శుక్రవారం దాదీ ఇండియా వెళ్ళిపోతుందని, వెళ్ళేలోగా ఔననకపోతే ఇక ఆ పెళ్ళి లేనట్టేనని బుచ్చిబాబు చెప్పాడు. ఆ మాటలు కోటేశ్వరమ్మ చెవులకు బాగానే వినపడ్డాయి.

ఆవిడ రోజూ భర్త ఫొటో తుడిచేది. ఈసారి తుడుస్తుంటే మనసు కుదురుగా లేదు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి అడుగు నుంచి కదిలింది.

భర్త వెంకట్రామయ్య ఆవిడ కంటే పన్నెండేళ్ళు పెద్ద. ఆవిడ చిన్నప్పుడు చంక దించేవాడు కాదు. ఆవిడకు ఎప్పుడూ జలుబే. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఈ పిల్ల ముక్కుకు పట్టి, "గట్టిగా చీదవే" అనేవాడు. చీదితే తుడిచి, అదే తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకునేవాడు. పంతొమ్మిదో ఏట ఆ మామయ్యతోనే పెళ్ళి చేశారు. ఊరంతా ఎంత మంచి సంబంధమన్నారు. బంతిలో ఇద్దరికీ ఒకే విస్తరి వేశారు. ఆయన బూరె తుంచి నోటికందించాడు. ఆ చెయ్యి దగ్గరికొస్తుంటే ఆవిడకు తువ్వాలు గుర్తొచ్చింది, చీమిడి గుర్తొచ్చింది. లేచి పందిరి వెనక్కి పరిగెత్తి కక్కేసింది. వాళ్ళమ్మ మూతి తుడిచి, ఎండ దెబ్బని అందరికీ చెప్పింది. తర్వాత ఒక ఏడాది ఆయన ఎంగిలి పళ్ళెం ఆవిడ ముట్టలేదు. ఆయన ఒక్క మాట అనకుండా తన పళ్ళెం తనే కడుక్కునేవాడు. ఎప్పుడు అలవాటైందో ఆవిడకే తెలీదు. ఆయన పోయిన రోజు ఆ తువ్వాలే మొహానికి పెట్టుకుని ఏడ్చింది.

బుధవారం మధ్యాహ్నం బుచ్చిబాబు ఆఫీసులో ఉండగా కోటేశ్వరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని కిందికి దిగింది.

"శ్రావ్యా, కారు తియ్యి. ములింగార్ పోవాలి."

"ఫైటింగ్‌కా, సారీ చెప్పడానికా?"

"అక్కడికి పోయినాక చూద్దాం."

అది పొలాల్లో పేడనీళ్ళు చల్లే కాలం. కినెగాడ్ దాటిన దగ్గర్నుంచి దారి పొడుగునా ట్యాంకర్లు గోధుమరంగు నీళ్ళు చిమ్ముతున్నాయి. కిటికీలు మూసినా లోపలికొచ్చింది ఆ కంపు. నాలిక మీద కూర్చుంది. కోటేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"దట్స్ ఓన్లీ స్లర్రీ నాయనమ్మా. యూ'ల్ బీ గ్రాండ్."

"నా మొహం గ్రాండు."

ఫారం పక్కనే వాళ్ళ ఇల్లు. మగవాళ్ళెవరూ లేరు కాబట్టి మన్‌భరి ముసుగు లేకుండా ఉంది. ఘాగ్రా కింద మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, పెరటి షెడ్లో పెద్ద గిన్నెలో వెన్న కాస్తోంది. యాభై రెండేళ్ళ మొహం, ముందు పళ్ళ మధ్య సందు. కోటేశ్వరమ్మ ఆ మొహం చూడటం అదే మొదలు. షెడ్డు నిండా మాడిన పాల వాసన, గోడ అవతల నుంచి ఆవుల మూత్రం వాసన. శ్రావ్య లేగదూడల్ని చూడ్డానికి పోయింది.

"మా ఇంటి ముందు ఉమ్మేసి వచ్చారు మీరు" అని హిందీలో మొదలుపెట్టింది కోటేశ్వరమ్మ.

మన్‌భరి గరిటె తిప్పడం ఆపలేదు. "మీరు మా మొహం మీదే ఛీ అన్నారు."

"అన్నాను. ఎందుకనను? మరిదిని…"

"నేను కాపురానికొచ్చినప్పుడు ఆయనకు పన్నెండేళ్ళు. ఎప్పుడూ ముక్కు కారుతుండేది. ఈ ఓఢ్నీతోనే తుడిచేదాన్ని. తలకు నూనె పెట్టి, పేలు చూసి బడికి పంపేదాన్ని." గిన్నెలో తేలిన నురుగు తీసి పక్కన కొట్టింది. "తర్వాత తొమ్మిదేళ్ళకు అదే పిల్లాడు వచ్చి నా తల మీద దుప్పటి కప్పాడు."

కోటేశ్వరమ్మ అడగకూడదనుకుంటూనే అడిగింది. "ఆ రోజు నీకేమనిపించింది?"

"కక్కొచ్చింది. దుప్పటి కిందే కక్కాను. దుఃఖమని అనుకున్నారు అందరూ."

వెన్న చిటపటలాడుతోంది. కోటేశ్వరమ్మ అక్కడే బోర్లించి ఉన్న పాలక్యాను మీద కూర్చుండిపోయింది.

"నాకు ఎండ దెబ్బన్నారు" అంది.

"ఏమిటి?"

యాభై అయిదేళ్ళలో మొదటిసారి ఆ విస్తరి సంగతి, తువ్వాలు సంగతి కోటేశ్వరమ్మ నోటి నుంచి బయటికొచ్చింది. సగం హిందీ, సగం తెలుగు. మన్‌భరి గరిటె పట్టుకుని అలాగే వింది. చివర్లో మెల్లగా లెక్క తేల్చింది.

"అంటే మీ ముక్కు మీ ఆయన తుడిచాడు. మా ఆయన ముక్కు నేను తుడిచాను."

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మన్‌భరి పళ్ళ సందులోంచి ముందు నవ్వు జారింది. తర్వాత కోటేశ్వరమ్మ పొట్ట పట్టుకుంది. దూడ దగ్గర నుంచి శ్రావ్య పరిగెత్తుకుంటూ వచ్చి, నాయనమ్మకు గుండెపోటేమోనని తలుపులో నిలబడిపోయింది.

"అయినా సరే" అంది మన్‌భరి కళ్ళు తుడుచుకుంటూ, "మామ… సొంత మామ…" ఆవిడ భుజాలు జలదరించాయి.

"మరిది మాత్రం తక్కువా!" అంది కోటేశ్వరమ్మ. ఆవిడకూ జలదరించింది.

అసహ్యం ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంది. కానీ మన్‌భరి పొయ్యి ఆపేసి, చెయ్యి పట్టుకుని అత్తగారి దగ్గరికి తీసుకెళ్ళింది.

దాదీ ఇంటి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని హుక్కా పీలుస్తోంది. ఎదురుగా పచ్చిక మీద ఆవులు. కోటేశ్వరమ్మను చూడగానే కొంగు ముక్కు మీదికి పోయింది.

"ఆడగేదెను కూడా దాని మందలో దున్నకు కట్టం మేము" అంది దాదీ, ఆవుల వంకే చూస్తూ. "మూడు ఈతలకోసారి ఎక్కడో దూరం నుంచి కొత్తదాన్ని తెస్తాం. పశువుకున్న సిగ్గు మీకు లేదు."

ఇంకో రోజైతే కోటేశ్వరమ్మ నోరు దీనికి పది సమాధానాలు చెప్పేది. నాలిక చివరిదాకా వచ్చాయి కూడా. సీరియల్ గిన్నె పట్టుకుని మెట్లెక్కుతున్న హర్ష వీపు కళ్ళ ముందు కదిలింది. మూడు తరాల గర్వం, ఫొటోకు వేసిన దండ, ఊరంతా మెచ్చుకున్న సంబంధం, అన్నీ ఒక ముద్ద చేసి మింగింది.

"నిజమే" అంది. "మా మంద రెండిళ్ళలోనే తిరిగింది. మూడు తరాలు తిరిగింది. నా మనవడు బయటికి నడిచి మీ ఇంటి పిల్లను చూసుకున్నాడు. వాడికొచ్చిన తెలివి మాలో ఎవరికీ రాలేదు." పక్కనున్న ఇంకో కుర్చీ లాక్కుని దాదీ ఎదురుగా కూర్చుంది. "పశువుల్ని కాచినదానివి, నువ్వే చెప్పు. అట్టాంటి మందకు ఇప్పుడు కావలసిందేంది? మీ పిల్ల కాదా?"

దాదీ హుక్కా గొట్టం నోట్లోంచి తీసింది.

"మీ నాలుగూ ఏమిటి?" అని అడిగింది కోటేశ్వరమ్మ.

"ఖటానా, కసానా, చేచీ, బైంస్లా."

"మావి రెండే. గుమ్మడి, వల్లూరి. మీ నాలుగులో ఒక్కటైనా కలిసిందా?"

దాదీ కుడిచేతి నాలుగు వేళ్ళూ ఎడమచేతి రెండు వేళ్ళూ ఎదురెదురుగా పెట్టి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఒక ఆవు పేడ వేసింది. ఆ చప్పుడుకు కోటేశ్వరమ్మ కళ్ళు మూసుకుంది, ముక్కు మాత్రం మూసుకోలేదు.

"కలవలేదు" అని ఒప్పుకుంది దాదీ, ఇష్టం లేకుండానే. తర్వాత కోడలి వంక తిరిగి, "బూరా తీసుకురా" అంది.

మన్‌భరి ఇత్తడి పళ్ళెంలో పిండిలాంటి పంచదార కుప్ప పోసి, నెయ్యి చెంబుతో పాటు తెచ్చింది. దాదీ చెంబెత్తింది. అప్పుడే పొయ్యి మీద నుంచి దిగిన నెయ్యి. ధార మొదలైంది. పంచదార కుప్ప కరిగింది, గుంట పడింది, గుంట నిండింది. కోటేశ్వరమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. దాదీ ఆవిడ కళ్ళలోకి చూస్తూ పోస్తూనే ఉంది. పళ్ళెం అంచుకు నెయ్యి వచ్చింది.

అప్పుడు ఆగింది.

"తిను."

మొదటి ముద్ద గొంతులో అడ్డం తిరిగింది. గేదె నాకిన తువ్వాలు, హాట్ ప్రెస్, దారి పొడుగునా చల్లిన పేడనీళ్ళు, అన్నీ కలిసి ఒక్కసారిగా పైకొచ్చాయి. ఆవిడ వాటిని కిందికి తోసింది. రెండో ముద్ద తోసింది. మూడో ముద్దకు దాదీ ముందుకు వంగి, హుక్కా పట్టుకున్న వేళ్ళతోనే అదే పళ్ళెంలో చెయ్యి పెట్టింది. ఆవిడ మొహంలోనూ అసహ్యం కనపడుతూనే ఉంది. కొంగు సగం ముక్కు మీదే ఉంది. అయినా కలుపుకుని నోట్లో పెట్టుకుంది. మేనమామను చేసుకున్న మనిషి ఎంగిలి. ఇద్దరు ముసలమ్మలూ ఒకరి వంక ఒకరు గుడ్లురుముతూ పళ్ళెం ఖాళీ చేశారు.

"సెప్టెంబరులో మళ్ళీ వీసా తీసుకోవాలి నేను" అంది దాదీ, వేళ్ళు నాక్కుంటూ. "ఆ పిల్లాడికి మామ ఉన్నాడా? భాత్ తేవడానికి?"

"ఉన్నాడు. గుంటూరులో. శ్యామల తమ్ముడు."

"వాడెవర్నీ చేసుకోబోవట్లేదు కదా మీ ఇంట్లో?"

"పెళ్ళైపోయింది వాడికి" అంది కోటేశ్వరమ్మ. ఎవరితో అయిందో చెప్పలేదు. ఈ ఒక్కసారికి నోరు ఆగింది.

తిరుగుదారిలో కినెగాడ్ దాకా ఆవిడ సీటుకు అతుక్కుని, పెదాలు బిగించి, కళ్ళ నిండా నీళ్ళతో కూర్చుంది. ముక్కు కూడా కారుతోంది. శ్రావ్య కారు పక్కకు ఆపి టిష్యూ తీసి ఆవిడ ముక్కుకు పట్టింది.

"గట్టిగా చీదు నాయనమ్మా."

కోటేశ్వరమ్మ ఒక్క క్షణం మనవరాలి చెయ్యి వంక చూసింది. చీదింది.

"ఆర్ యూ గోయింగ్ టు బీ సిక్? డోర్ తియ్యనా?"

"తియ్యబాకు!" ఆవిడ రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. "ఒక్క చుక్క బయటికి రాకూడదు. హర్షగాడి పెళ్ళంతా ఇందులోనే ఉంది. పోనియ్యి, మెల్లగా పోనియ్యి. ఆ రౌండబౌట్ల కాడ తిప్పబాకు."